పడుకున్న కంప్యూటర్‌కు ఒళ్లు వెచ్చగా ఎందుకుంటుంది?

మొన్న మే నెలలో సూరత్ వెళ్లాను. మా బావ వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి వలస వెళ్లి లింబాయత్‌లో సాంచాల మీద పనిచేసి ఇల్లు నిలబెట్టిన మనిషి. బావ సాంచాల జోలికి పోలేదు. చీరల మీద మిషన్ ఎంబ్రాయిడరీకి డిజైన్లు చేసి ఇస్తాడు. ఒక షట్టరు గది, రెండు మానిటర్లు, జానెడు పొడవూ జానెడు వెడల్పూ ఉన్న చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్, అంతే దుకాణం. ఉదయం పదింటికి షట్టరు ఎత్తగానే నా చెయ్యి పట్టుకుని ఆ పెట్టె మీద పెట్టించాడు.

"చూడు బావా, రాత్రి పండవెట్టి పోయిన. పొద్దుగాల గిట్ల ఎచ్చగుంది. పండుకున్నదానికి జరమెందుకొస్తది?"

ఆ జ్వరానికి అప్పటికే వైద్యం జరిగింది. రిపేరు చేసే ఆయన ఒకరు పెట్టె విప్పి, ప్రాసెసర్ మీద పేస్టు మార్చి, ఫ్యాన్ మార్చి పన్నెండు వందలు తీసుకున్నారు. వెచ్చదనం తగ్గలేదు. రెండోసారి వెళితే బోర్డు పోయే దశలో ఉంది, కొత్తది కొనుక్కోండి అన్నారట. ఈలోగా బావ తనకు తోచిన మందు తాను వేశాడు. రోజూ రాత్రి కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి, ఆ వెంటనే గోడ దగ్గర స్విచ్ కట్టేయడం మొదలుపెట్టాడు. మూడో రోజుకి, సేవ్ చేయని బోర్డరు డిజైన్ ఒకటి పోయింది. ఒక సాయంత్రం పని. మర్నాడు ఇస్తానని మాటిచ్చిన పని కూడా.

ఇంత నష్టానికీ కారణం యంత్రం చెడిపోవడం కాదని నా అభిప్రాయం. కంప్యూటర్ 'నిద్ర'లో ఏం చేస్తుందో దాన్ని కొన్న మనిషికి ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం. ఈ వ్యాసం దాని గురించే.

ముందు భయం సంగతి. సూరత్‌లో కరెంటు వస్తువు వేడెక్కితే జనం గుండె ఝల్లుమనడంలో వింత లేదు. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్ భవనంలో మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ జ్ఞాపకం ఉన్న ఊళ్లో "ఏం కాదులే" అని కొట్టిపారేయడం సరైన జవాబు అనిపించుకోదు. కొలిచి చెప్పాలి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు బావ ఇంట్లో ఉంది, వస్తువుల ఉపరితలం కొలిచే మీట కూడా దానికి ఉంది. షట్టరు ఎత్తిన వెంటనే గదిలో 33 డిగ్రీలు, పెట్టె పైభాగం 42 డిగ్రీలు. పెట్టె నల్లటి గరుకు ప్లాస్టిక్ కాబట్టి ఆ కొలత నమ్మొచ్చు. మెరిసే లోహం మీద ఇలాంటి థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. అప్పుడు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలవాలి.

42 డిగ్రీల పెట్టెతో మంట రాదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వదులైన సాకెట్టు, గోధుమ రంగుకు మాడిన ప్లగ్గు, చేత్తో పట్టుకోలేనంత కాలే అడాప్టరు, ప్లాస్టిక్ కమురు వాసన. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వాడకం ఆపేయాలి. బావ దుకాణంలో పెట్టె మీద అందరి చేతులూ పడ్డాయి గానీ, బల్ల కింద దుమ్ములో పడి ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సును ఎవరూ తాకి చూడలేదు. అది మాత్రం మార్పించాను.

ఇక చెయ్యి చేసే మోసం. మన అరచేతి చర్మం సాధారణంగా 32 నుంచి 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ముట్టుకున్న వస్తువు అంతకన్నా వేడిగా ఉంటే మనకు వెచ్చగా, తక్కువగా ఉంటే చల్లగా తోస్తుంది. అంటే చెయ్యి వస్తువును తనతోనే పోల్చుకుంటుంది, గది గాలితో పోల్చదు. యంత్రం విషయంలో మనకు కావలసింది గదికీ దానికీ ఉన్న తేడా. ఇదే పెట్టె జనవరి ఉదయం, గదిలో 22 డిగ్రీలున్నప్పుడు, అదే తొమ్మిది డిగ్రీల తేడాతో 31 దగ్గర ఉంటుంది. చేతికి చల్లగానే తగులుతుంది. శీతాకాలమంతా బావకు రాని అనుమానం మే నెలలో రావడానికి ఇదే కారణం. యంత్రం మారలేదు, ఋతువు మారింది.

ఆ తొమ్మిది డిగ్రీల తేడాలో ఇంకో సమాచారం దాగి ఉంది. ఫ్యాన్ గాలి తగలని వస్తువు చుట్టూ ఉన్న గాలికి, గోడలకు వేడిని వదిలేటప్పుడు ఒక మోటు లెక్క పనికొస్తుంది. ప్రతి చదరపు మీటరు ఉపరితలం నుంచి, ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 10 వాట్లు బయటికి పోతాయి. ఈ పెట్టె పైభాగం, నాలుగు పక్కలు కలిపితే సుమారు 0.06 చదరపు మీటర్లు. గుణిస్తే 5.4 వాట్లు. తర్వాత ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరు తెచ్చి చూస్తే 6.5 చూపించింది. మిగిలిన కాస్తా అడాప్టరులోనూ, అడుగున బల్లలోకీ పోతోంది. చవక థర్మామీటరు, ఒక గుణకారం కలిసి ఇంత దగ్గరగా రావడం నాకే ఆశ్చర్యం వేసింది. బావ మాత్రం ఆశ్చర్యపోలేదు, "నా చెయ్యి చెప్పింది గదా" అన్నాడు.

ఇది ముందు రాత్రి పని చేసినప్పటి వేడి మిగిలిపోయినదేమో అని మీకు అనుమానం రావచ్చు. కిలో పైచిలుకు బరువున్న ఇలాంటి పెట్టె ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు వెయ్యి జౌళ్లు కావాలి. ఒక్కో డిగ్రీ తేడాకు అది వదిలేది సెకనుకు 0.6 జౌళ్లు. ఈ లెక్కన ప్రతి అరగంటకూ మిగిలిన వేడిలో మూడింట రెండొంతుల దాకా ఖాళీ అవుతుంది. రాత్రి తొమ్మిదింటికి పడుకోబెడితే అర్ధరాత్రికల్లా గది వేడికి వచ్చేయాలి. పొద్దున పదింటికి వెచ్చగా ఉందంటే రాత్రంతా లోపల ఏదో కరెంటు తింటూనే ఉంది. తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి, దానికి వేరే దారి లేదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ జేమ్స్ జౌల్ తేల్చి చెప్పిన సంగతి ఇది. మెలకువలో ఉన్నప్పటి కన్నా నిద్రలోనే పైభాగం ఎక్కువ వెచ్చగా అనిపించే యంత్రాలూ ఉన్నాయి. మెలకువలో ఫ్యాన్ తిరిగి వేడిని వెనక నుంచి తోసేస్తుంది. నిద్రలో ఫ్యాన్ ఆగిపోతుంది కాబట్టి ఉన్న కాస్త వేడీ పెట్టె ఒంటి గుండానే బయటికి రావాలి.

మరి పడుకున్నది ఏం తింటుంది? కొంత తప్పనిసరి. కంప్యూటర్ జ్ఞాపకం, అంటే ర్యామ్, చిల్లు కుండల బారు లాంటిది. ఒక్కో బిట్ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంటుంది, అది కారిపోతూ ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు అన్ని కుండలనూ ఒకసారి చదివి మళ్లీ నింపాలి. మీరు తెరిచి ఉంచిన డిజైన్ పొద్దున్నే అలాగే కనిపించడానికి రాత్రంతా ఈ నీళ్లు పోసే పని సాగుతుంది. బావ గోడ స్విచ్ కట్టేసినప్పుడు ఆగింది ఇదే. కుండలు క్షణాల్లో ఖాళీ అయ్యాయి, డిజైన్ పోయింది. ర్యామ్‌ను నిలబెట్టడం, కీబోర్డు పిలుపు కోసం చెవి యోగ్గి ఉండటం, గోడ కరెంటును చిన్న వోల్టేజికి మార్చడం, ఇవన్నీ కలిపినా ఒకటి రెండు వాట్లలో తేలిపోవాలి. ఒకటి రెండు వాట్లకు పెట్టె రెండు మూడు డిగ్రీలు వెచ్చబడుతుంది. మే నెలలో కూడా చెయ్యి దాన్ని అంతగా పట్టించుకోదు.

బావ యంత్రం తింటున్నది దానికి మూడు నాలుగు రెట్లు. ఇక్కడే కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. కంప్యూటర్ నిద్రకు అది అంతస్తులు కట్టింది. ఎస్3 అనే అంతస్తులో ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆరిపోతాయి. ఎస్4లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి మొత్తం ఆరిపోతుంది. దీన్నే హైబర్నేట్ అంటున్నాం, తెలుగులో కుంభకర్ణ నిద్ర అనుకోవచ్చు. లేపడానికి కాస్త సమయం పడుతుంది గానీ కరెంటు పోయినా పని పోదు. చాలా ఏళ్లు స్లీప్ అంటే ఎస్3 అనే అర్థం.

తర్వాత ఫోన్లు వచ్చాయి. తెర ఆరిపోయినా ఫోనుకు సందేశాలు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్ కూడా అలాగే ఉండాలని తయారీదారులు అనుకున్నారు. 2012లో విండోస్ 8తో 'కనెక్టెడ్ స్టాండ్‌బై' వచ్చింది, విండోస్ 10 నాటికి అది 'మోడర్న్ స్టాండ్‌బై' అయింది. అదే 2012లో ఆపిల్ కూడా తన మాక్‌లకు 'పవర్ న్యాప్' తెచ్చింది. వీటిలో యంత్రం పూర్తిగా పడుకోదు. మధ్యమధ్య లేచి మెయిల్ చూస్తుంది, అప్‌డేట్లు దించుకుంటుంది, మళ్లీ కునుకు తీస్తుంది. కోడి కునుకు. పద్ధతిగా చేసిన యంత్రంలో ఈ కునుకు కూడా ఒకటి రెండు వాట్లలోనే సరిపెట్టుకుంటుంది, ఆ మేరకు ఇది మంచి ఇంజనీరింగే. కానీ కోడి కునుకు తీసే దాన్ని లేపడానికి చిన్న చప్పుడు చాలు. ఒక డ్రైవరు సరిగా లేకపోయినా, ఒక ప్రోగ్రాము మొండికేసినా, యూఎస్‌బీకి తగిలించిన డిస్కు పడుకోకపోయినా, రాత్రంతా సగం మెలకువే. పైగా ఈ పద్ధతికి మారిన చాలా యంత్రాల్లో పాత ఎస్3ను అసలు అందుబాటులోనే ఉంచలేదు. బావ కంప్యూటర్‌లో చూస్తే అది లేదు.

విండోస్‌లో 'స్లీప్ స్టడీ' అనే నివేదిక ఒకటి ఉంది. రాత్రి ఎవరు ఎంతసేపు మేల్కొని ఉన్నారో అది రాసిపెడుతుంది. మాక్ వాడేవాళ్లు 'యాక్టివిటీ మానిటర్'లో శక్తి వినియోగం పేజీ తెరిస్తే 'ప్రివెంటింగ్ స్లీప్' అనే గడి కనిపిస్తుంది, నిద్ర చెడగొడుతున్నవాళ్ల పేర్లు అక్కడ దొరుకుతాయి. బావ నివేదికలో దొరికిన దొంగ, డిజైన్లను ఇంటర్నెట్‌లోకి పంపి దాచే ప్రోగ్రాము. పెద్ద ఫైళ్లు, మందకొడి కనెక్షన్. రాత్రంతా పంపుతూనే ఉంది. దానికి తోడు వెనక తగిలించిన హార్డ్ డిస్కు. నిద్రలో నెట్‌వర్క్ ఆపేయమని సెట్టింగు మార్చి, రాత్రి డిస్కు తీసేస్తే మీటరు 1.5కి దిగింది. పన్నెండు వందల రూపాయల పేస్టూ ఫ్యానూ చేయలేని పని ఐదు నిమిషాల్లో అయింది. ఆ రిపేరు ఆయన్ని నేను మరీ తప్పుపట్టను. వేడి అంటే ఫ్యాన్ అని నేర్చుకున్న మనిషి, ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఒక న్యాయమైన అభ్యంతరం. ఆరున్నర వాట్ల కోసం ఇంత రాద్ధాంతమా? రాత్రి 13 గంటల చొప్పున లెక్కేస్తే ఏడాదికి 31 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా 250 లోపే. ఆ రాత్రి ఖర్చుతో పాత సీలింగ్ ఫ్యాన్ గంటా పది నిమిషాలు కూడా తిరగదు. లింబాయత్‌లో ఏ సందులో నిలబడ్డా సాంచాల మోత వినిపిస్తుంది, వాటి మోటార్ల ముందు ఈ పెట్టె దోమ. నిజమే. కరెంటు బిల్లు కోసం ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. లక్ష యంత్రాలు తలా ఐదు వాట్లు అనవసరంగా తింటే 500 కిలోవాట్లు రాత్రంతా మండుతున్నట్టే అన్న లెక్క కూడా ఉంది గానీ, దాన్ని చూపించి బావను దోషిని చేయడం నాకు ఇష్టం లేదు. ఆయన స్లీప్ నొక్కాడు. పడుకున్నానని యంత్రం చెప్పింది. అబద్ధమాడింది ఎవరు?

వేడికి ఇంకో ఖరీదు ఉంది. ఆపిల్ తన మాక్ మినీని 10 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని చెబుతుంది. సూరత్‌లోనో కరీంనగర్‌లోనో రేకుల కప్పు కింద, షట్టరు దించి, ఫ్యాన్ కట్టేసిన గది ఎండాకాలంలో ఆ హద్దు దాటడం ఎంతసేపు? విద్యుత్ సరఫరా భాగంలో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు సగం ఆయుష్షు కోల్పోతాయని ఇంజనీర్లు మోటుగా లెక్కేస్తారు. నిద్రలో తొమ్మిది డిగ్రీలంటే చల్లటి దేశంలో ఎవరికీ పట్టని విషయం. మన గదుల్లో అది యంత్రం వయసులోంచి కోత. సూరత్ ఉక్కపోత గురించి కూడా బావ అడిగాడు. గాలిలో తేమ మనల్ని చంపుతుంది, ఎందుకంటే మన చెమట ఆరదు. యంత్రానికి చెమట పట్టదు కాబట్టి చల్లబడటంలో దానికి తేమతో పెద్ద తేడా లేదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. ఆరిపోయినట్టు కనిపించే పరికరాలు తినే కరెంటును అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన అలన్ మేయర్ 1990లలోనే కొలిచి చూపించారు. స్టాండ్‌బైకి పరికరానికి ఒక్క వాటు చాలన్న ఆయన ప్రతిపాదనను 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ తలకెత్తుకుంది. యూరోపియన్ యూనియన్ 2013లో కంప్యూటర్లకు ప్రత్యేక నిబంధనలు చేసి, డెస్క్‌టాప్ నిద్రలో 5 వాట్లు మించకూడదంది. నాకు ఆ హద్దు కన్నా దాని వెనకే ఉన్న ఇంకో షరతు ముఖ్యమనిపిస్తుంది. మామూలుగా ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు, నిద్రలో ఎన్ని, కట్టేసినప్పుడు ఎన్ని, ఇవన్నీ తయారీదారు అందరికీ అందుబాటులో ప్రకటించాలి. ప్రపంచమంతా అమ్మే యంత్రాలు ఇవే. అంటే చాలా యంత్రాలకు ఆ అంకె ఎక్కడో ఒక కాగితం మీద ఇప్పటికే ఉంది. మన దుకాణంలో కొనే పెట్టె మీద అది అచ్చయి ఉండటం నేను ఎన్నడూ చూడలేదు.

మన దగ్గర బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002 నుంచి ఉంది. ఏసీకి, ఫ్రిజ్‌కు అది అంటించే నక్షత్రాల లేబుల్ చదవడం మన ఇళ్లలో అందరికీ వచ్చు. ల్యాప్‌టాప్‌లకూ లేబుల్ ఉంది గానీ ఇష్టమైన కంపెనీలే వేసుకుంటాయి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలని అది చేసిన నిబంధన నాకు చాలా నచ్చుతుంది. ఎవరి చెయ్యీ కట్టేయలేదు, కావాలంటే 18కి తిప్పుకోవచ్చు. మొదట ఎక్కడ ఉండాలో మాత్రం మార్చింది, ఎందుకంటే చాలామంది ఉన్నదాన్ని మార్చరు. డెస్క్‌టాప్ నిద్రకూ ఇదే చాలు. పెట్టె మీద ఒక అంకె, నిద్రలో ఇన్ని వాట్లు అని. స్లీప్ నొక్కితే నెట్‌వర్క్ ఆగి ఉండటం మొదటి ఎంపిక కావాలి. రాత్రి మెయిల్ రావాలనుకునేవాళ్లు వాళ్లే తెరుచుకుంటారు. ప్రయోగశాలలో ఏమీ తగిలించకుండా కొలిచిన అంకెకూ, దుకాణంలో డిస్కులూ ప్రింటర్లూ తగిలించిన యంత్రానికీ తేడా ఉంటుందని తెలుసు. అయినా పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటే, 1.5 ఉండాల్సిన చోట 6.5 ఎందుకుందని అడిగే హక్కు వస్తుంది. ఇప్పుడు బావకు ఉన్నది చెయ్యి మాత్రమే.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఇలాంటి పెట్టె ఉంటే, రాత్రి పడుకోబెట్టి పొద్దున లేపకముందే గదితో పోల్చి కొలవండి. రెండు మూడు డిగ్రీల తేడా అయితే వదిలేయండి. ఎనిమిది, తొమ్మిది అయితే స్లీప్ నివేదిక తెరవండి. గోడ స్విచ్ కట్టేసే అలవాటు ఉన్నవాళ్లు స్లీప్ బదులు హైబర్నేట్ గానీ పూర్తి షట్‌డౌన్ గానీ వాడండి, అదీ పని సేవ్ చేశాకే.

నేను తిరిగి వచ్చేసిన నెలకు బావ ఫోన్ చేశాడు. పని పెరిగి రెండో యంత్రం కొనబోతున్నాడు. దుకాణంలో "నిద్రలో ఎన్ని వాట్లు?" అని అడిగితే, ఆ కుర్రాడు ర్యామ్ ఎంతో చెప్పాడట, ప్రాసెసర్ పేరు చెప్పాడట, తర్వాత నవ్వి "కంపెనీవాళ్లనే అడగండి అంకుల్" అన్నాడట. ఫోన్ పెట్టేశాక ఆ కంపెనీ వెబ్‌సైటులో యూరప్ కోసం పెట్టిన కాగితం వెతికి పట్టుకున్నాను. ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. 1.1 వాట్లు. ఫోటో తీసి పంపిస్తే వెంటనే జవాబొచ్చింది: "మీటరు కూడ పట్కొస్తవా బావా?"